సాబూ మోకాళ్లు ఎంత బరువు మోస్తాయి?

“తాతా, సాబూని రాసినాయనకి సైన్స్ ఎక్కువ తెలుసా, ధ్రువ్‌ని రాసినాయనకా?”

మా భిలాయి సెక్టర్ 2లో పక్క క్వార్టర్ పిల్లవాడు అడిగిన ప్రశ్న ఇది. కామిక్స్ చదివే పిల్లలందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే సందేహమే. ధ్రువ్ గెలుస్తాడా, నాగరాజ్ గెలుస్తాడా అని వాదులాడుకునే వయసు దాటి, ఆ కథలు అల్లినవాళ్ల గురించి అడుగుతున్నాడంటే వాడు అసలైన పాఠకుడు అవుతున్నాడన్నమాట. అందుకని ఈ అధ్యాయం మొత్తం ఆ ప్రశ్నకే ఇస్తున్నాను.

భిలాయిలో పెరిగిన తెలుగు పిల్లలకి ఈ కథలు ఎక్కువగా హిందీలోనే అందాయి. 1955లో ఇక్కడి ఉక్కు ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో ప్లాంటులో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రాయ్‌పూర్ లైను పట్టుకుని వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ. వేసవి సెలవులకి దుర్గ్‌లో విశాఖ బండి ఎక్కేటప్పుడు పిల్లల చేతిలో డైమండ్ కామిక్సో రాజ్ కామిక్సో ఉండేవి. అమ్మమ్మగారి ఊరు చేరాక చందమామ దొరికేది. చందమామ కథలో రాక్షసుడు అంత పెద్దగా ఎందుకున్నాడని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. కామిక్స్‌లో అలా కుదరదు. ఆ మనిషి ఏ గ్రహం నుంచి వచ్చాడో, ఏ కిరణం తగిలి అలా మారాడో, ఏ ప్రయోగశాలలో తయారయ్యాడో రచయిత చెప్తాడు. చెప్పడమంటే, ఈ కథకి కారణం ఉందని పాఠకుడికి మాట ఇవ్వడమే.

ఆ మాట ఎంతవరకు నిలబెట్టుకున్నారన్నదే ఇక్కడ నా కొలబద్ద. కథకుడికి ఒక్క అబద్ధం ఆడే హక్కు ఇద్దాం. గురుగ్రహం మీద మనుషులున్నారనవచ్చు, అణుశక్తితో రాకెట్టు నడుస్తుందనవచ్చు. ఆ ఒక్కటీ ఒప్పుకున్నాక దాని వెనక వచ్చే పర్యవసానాలని నిజాయితీగా రాశాడా లేదా? ఎన్ని శాస్త్రవిషయాలు సరిగ్గా చెప్పాడన్న లెక్క కన్నా ఇది ముఖ్యమని నేను నమ్ముతాను. సైన్స్ చేసే పని కూడా అదే కదా: ఒక విషయాన్ని ఒప్పుకుంటే ఇంకేమేం ఒప్పుకోవాల్సి వస్తుందో చివరికంటా చూడడం.

పదిహేను అడుగుల మనిషి

ముందు ప్రాణ్. పూర్తి పేరు ప్రాణ్ కుమార్ శర్మ. 1938లో లాహోర్ దగ్గరి కసూర్‌లో పుట్టారు. దేశ విభజనతో ఇటు వచ్చారు. 1970 ప్రాంతంలో లోట్‌పోట్ అనే హిందీ పత్రిక కోసం చాచా చౌదరిని సృష్టించారు. తలపాగా, తెల్ల మీసాలు, చేతికర్ర ఉన్న ముసలాయన, కంప్యూటర్ కన్నా చురుకైన బుర్ర. ఆయన పక్కనే గురుగ్రహం నుంచి వచ్చిన సాబూ. ఎత్తు పదిహేను అడుగులు. సాబూకి కోపం వస్తే దూరాన ఎక్కడో గురుగ్రహం మీద అగ్నిపర్వతం బద్దలవుతుంది. ప్రాణ్ 2014 ఆగస్టులో పోయారు, మరుసటి ఏడు పద్మశ్రీ ప్రకటించారు.

సాబూ ఎత్తుని ఒక్కసారి లెక్క కడదాం. ఉక్కు ఊరివాళ్లం కాబట్టి ఉక్కుతోనే మొదలుపెడదాం. పొడవు, వెడల్పు, ఎత్తు పదేసి సెంటీమీటర్లున్న ఉక్కు దిమ్మ ఒకటి నేల మీద పెట్టండి. బరువు సుమారు 7.85 కిలోలు. ఇప్పుడు మూడు కొలతలూ రెట్టింపు చేసి ఇంకో దిమ్మ పోత పోయండి. దాని బరువు రెట్టింపు అవుతుందనుకుంటే పొరపాటు. అందులో మొదటి దిమ్మలు ఎనిమిది పడతాయి, అంటే దాదాపు 63 కిలోలు. అయితే నేలని తాకే అడుగు భాగం నాలుగు రెట్లే పెరిగింది. ఎనిమిది రెట్ల బరువుని నాలుగు రెట్ల చోటు మోస్తోంది. అందుకని నేలలో ప్రతి అంగుళం మీదా ఒత్తిడి రెట్టింపయింది. ఉక్కు అదే, ఆకారం అదే. సైజు మారిందంతే.

దీన్ని ఘన-చదరపు సూత్రం అనుకుందాం. గెలీలియో 1638లోనే తన పుస్తకంలో పెద్ద జంతువుల ఎముకలు ఎందుకు అంత లావుగా ఉండాలో బొమ్మ గీసి మరీ చూపించాడు.

ఇక సాబూ. ఆరడుగుల మనిషి 75 కిలోలు తూగుతాడనుకోండి. సాబూ వాడికి రెండున్నర రెట్లు పొడుగు. అదే ఆకారం అయితే బరువు 2.5ని మూడుసార్లు హెచ్చవేసినంత, అంటే పదిహేనున్నర రెట్లు పైనే. సుమారు 1,170 కిలోలు. కాలి ఎముకల అడ్డుకోత వైశాల్యం ఆరుంబావు రెట్లే పెరుగుతుంది. మోకాలి లోపల ఎముకలో ప్రతి చదరపు సెంటీమీటరూ మామూలు మనిషి ఎముక కన్నా రెండున్నర రెట్లు ఎక్కువ మోయాలి. మామూలు మనిషి 112 కిలోల బరువు భుజాన వేసుకుని, ఎక్కడా దించకుండా జీవితాంతం తిరిగితే ఎలా ఉంటుందో, సాబూకి ఊరికే నిలబడడం అలా ఉంటుంది.

ఇందుకు నిజమైన సాక్ష్యాలున్నాయి. చరిత్రలో నమోదైనవాళ్లలో అందరికన్నా పొడుగు మనిషి అమెరికావాడు రాబర్ట్ వాడ్లో. ఎనిమిది అడుగుల పదకొండు అంగుళాలు. నడవడానికి కాళ్లకి లోహపు కట్లు కావాల్సి వచ్చేవి. ఆ కట్టు ఒరుసుకుని పుండు పడి, అది చీము పట్టి 1940లో ఇరవై రెండేళ్లకే చనిపోయాడు. సాబూ వాడ్లో కన్నా ఆరడుగులు పొడుగు. ఇక జిరాఫీని చూడండి. ఎదిగిన మగ జిరాఫీ ఎత్తు, బరువు దాదాపు సాబూవే. కానీ అది ఆ బరువుని నాలుగు కాళ్ల మీద పంచుకుంటుంది. అంత ఎత్తున ఉన్న తలకి రక్తం ఎక్కించడానికి దాని గుండె మన గుండె కన్నా సుమారు రెట్టింపు ఒత్తిడితో పనిచేస్తుంది. సాబూకీ అలాంటి గుండె ఉండాలి. ఉంటే ఆయన వంగి చాచాగారి చెప్పులు అందించిన ప్రతిసారీ తలలోకి రక్తం పోటెత్తకుండా ఆపే ఏర్పాటు కూడా ఉండాలి. జిరాఫీకి అది ఉంది.

ఈ సూత్రాన్ని మామూలు పాఠకుల దగ్గరికి తెచ్చిన మనిషికి మన నేలతో దగ్గరి సంబంధం ఉంది. జె.బి.ఎస్. హాల్డేన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త 1926లో సరైన సైజులో ఉండడం గురించి ఒక చిన్న వ్యాసం రాశాడు. పాత కథల్లో రాక్షసులు పది రెట్లు పొడుగుంటే వెయ్యి రెట్లు బరువుంటారని, ఒక్క అడుగు వేస్తే తొడ ఎముకలు విరిగిపోతాయని అందులో తేల్చాడు. ఆయన 1957లో భారతదేశం వచ్చేశాడు, 1961లో మన పౌరుడయ్యాడు, 1964 డిసెంబరులో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల చదువు కోసం ఇవ్వాలని రాసి పెట్టాడు. ఆ దేహం వెళ్లింది కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి. ఎముకలు ఎంత మోస్తాయో లోకానికి చెప్పిన మనిషి ఎముకలని తెలుగునేల మీద విద్యార్థులు చదివారు. మన పాఠ్యపుస్తకాలలో ఈ సంగతి ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

గురుగ్రహం సంగతికి వద్దాం. అక్కడ మబ్బుల పైభాగాన గురుత్వాకర్షణ మన దగ్గర కన్నా రెండున్నర రెట్లు. అక్కడే పుట్టి పెరిగినవాడి కండరాలు ఆ బరువుకి అలవాటు పడి ఉంటాయి. భూమి మీదకి వస్తే వాడికి అన్నీ తేలిగ్గా అనిపిస్తాయి. లారీ ఎత్తకపోయినా మనకన్నా చాలా ఎక్కువే ఎత్తుతాడు. అంటే సాబూ బలానికి ప్రాణ్ చెప్పిన కారణం సబబైనదే. ఆయన తప్పింది ఎత్తు దగ్గర. గురుత్వాకర్షణ ఎక్కువున్న చోట బతికే ప్రాణి పొట్టిగా, బలిష్ఠంగా, స్తంభాల్లాంటి కాళ్లతో ఉండాలి. గురుగ్రహం నుంచి నిజంగా ఎవడైనా వస్తే చాచా చౌదరి నడుము దగ్గరికి రావాలి. అసలు నిలబడడానికి అక్కడ నేలే లేదు, అదంతా హైడ్రోజన్, హీలియం వాయువులే. కానీ ఆ ఒక్క అబద్ధం ప్రాణ్‌కి ఇచ్చేశాం కాబట్టి వదిలేద్దాం.

తిండి విషయంలో మాత్రం ప్రాణ్ ఆశ్చర్యంగా సరైన చోటికే వచ్చారు. సాబూ పూటకి వందకి పైగా చపాతీలు తింటాడు. బరువు పదహారు రెట్లు పెరిగిన జంతువుకి తిండి పదహారు రెట్లు అక్కర్లేదని, ఎనిమిది రెట్లు చాలని 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త రకరకాల జంతువులని కొలిచి కనిపెట్టాడు. ఒళ్లొంచి పనిచేసే మనిషి పూటకి పన్నెండు చపాతీలు తింటాడనుకుంటే సాబూకి 96. ప్రాణ్ లెక్క కట్టి రాశారని నేననను. పెద్ద కుటుంబాలకి వండి పెట్టే ఇల్లు చూసిన మనిషి అంచనా అది.

ఇక అగ్నిపర్వతం. వాయువుల గోళం మీద అగ్నిపర్వతం ఉండదు. అయితే 1979 మార్చిలో వాయేజర్-1 వ్యోమనౌక గురుగ్రహం పక్కనుంచి దూసుకుపోయింది. అది పంపిన ఒక ఫోటోలో లిండా మోరబిటో అనే ఇంజనీరు గురుగ్రహపు చందమామ అయో అంచున గొడుగులా లేచిన పొగని గమనించింది. భూమికి బయట మనం చూసిన మొట్టమొదటి సజీవ అగ్నిపర్వతం అది. గురుగ్రహం ఒక పక్కనుంచి, తోటి చందమామలు ఇంకో పక్కనుంచి లాగుతుంటే అయో లోపలి రాయి నలిగి నలిగి వేడెక్కి కరుగుతుంది. అలా జరగవచ్చని ముగ్గురు శాస్త్రవేత్తలు వాయేజర్ చేరడానికి కొద్ది రోజుల ముందే అచ్చులో చెప్పారు. అక్కడ ఇప్పటికి నాలుగు వందలకి పైగా అగ్నిపర్వతాలు తేలాయి. ప్రాణ్ చెప్పిన చోటికి ఎదురింట్లోనే ఉన్నాయన్నమాట. దీన్ని ముందుచూపు అనకూడదు, యాదృచ్ఛికం అనాలి. కానీ పిల్లవాడికి అయో గురించి చెప్పడానికి సాబూ కోపం కన్నా మంచి వాకిలి నాకింతవరకు దొరకలేదు.

చీమ బలం ఎక్కడిది?

పరాయి గ్రహం నుంచి వచ్చిన బలవంతుడికి మూలపురుషుడు సూపర్‌మ్యాన్. 1938 జూన్ తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచికలో జెర్రీ సీగెల్ రాతకి జో షుస్టర్ బొమ్మలు గీశాడు. ఇద్దరూ అప్పటికి ఇరవై దాటిన కుర్రాళ్లు. మొదటి పేజీలోనే, ఈ బలానికి శాస్త్రీయమైన కారణం ఇదీ అంటూ చీమని, మిడతని చూపించారు. చీమ తన బరువుకి ఎన్నో రెట్లు మోస్తుంది, మిడత తన పొడవుకి ఎన్నో రెట్లు దూకుతుంది, అలాగే ఈ మనిషీ అని.

ఆ కారణం పూర్తిగా తలకిందులు. చీమ అంత మోయగలిగేది చిన్నదైనందువల్లే. మన ఉక్కు దిమ్మని ఇప్పుడు వెనక్కి నడిపించండి. మనిషిని పదో వంతుకి కుదిస్తే బరువు వెయ్యో వంతు అవుతుంది. కండ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది కాబట్టి నూరో వంతుకే తగ్గుతుంది. తన బరువుతో పోల్చుకుంటే వాడు పది రెట్లు బలవంతుడైపోయాడు. ఏ కొత్త శక్తీ రాలేదు, సైజు తగ్గిందంతే. అదే చీమని మనిషంత చేస్తే లారీ మోయడం అలా ఉంచి తన కాళ్ల మీద తను నిలబడలేదు.

అయినా సీగెల్‌ని తీసిపారేయను. అద్భుతం చూపించి ఊరుకోకుండా దానికి ప్రకృతి నుంచి కారణం వెతకాలని ఆ వయసులో అనుకున్నాడు. తర్వాతి కథల్లో సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం గురుత్వాకర్షణ మనకన్నా ఎక్కువన్న కారణం వచ్చింది. అది సాబూకి సరిపోయినట్టే అతనికీ కొంతవరకు సరిపోతుంది. మొదట్లో సూపర్‌మ్యాన్ ఎగిరేవాడు కాడు, మైలులో ఎనిమిదో వంతు దూకేవాడు. దూకుడికి హద్దు ఉన్నన్నాళ్లూ లెక్క కట్టడానికి వీలుండేది. ఎగరడం మొదలుపెట్టాక లెక్క తెగిపోయింది. అమెరికాలో జేమ్స్ కకాలియోస్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ ఆ పాత దూకుడునే పట్టుకుని విద్యార్థులకి న్యూటన్ సూత్రాలు బోధించాడు, 2005లో పుస్తకం కూడా రాశాడు.

కుదించడానికీ ఖర్చుంది. డైమండ్ కామిక్స్‌లో ఫౌలాదీ సింగ్‌కి తోడుగా లంబూ అనే వేలెడంత మనిషి ఉంటాడు. ఫౌలాదీ అంటే ఉక్కులాంటి అని; ఉక్కు ఊరి పిల్లలకి ఆ పేరే చాలు, కానీ నా కళ్లు ఎప్పుడూ లంబూ మీదే. వాడికి బలం సమస్య కాదు, చలి సమస్య. గ్లాసులో పోసిన టీ చప్పున చల్లారుతుంది, గిన్నెలో ఉన్న టీ చాలాసేపు వేడిగా ఉంటుంది. లోపలి సరుకు తక్కువై, వేడి పోయే ఉపరితలం దానికి తగ్గట్టు తగ్గకపోవడమే కారణం. చిన్న ఒళ్లున్న జంతువుల కష్టమూ ఇదే. ఎట్రుస్కన్ చుంచు అనే రెండు గ్రాముల ప్రాణి రోజూ తన బరువుకి మించిన తిండి తినాలి, కొద్ది గంటలు ఏమీ దొరకకపోతే చచ్చిపోతుంది. లంబూ సాహసాలు చేసే తీరిక ఉన్నవాడు కాడు. రోజంతా నములుతూనే ఉండాలి. ఈ సంగతి నేను చదివిన ఏ కథలోనూ రాలేదు. వస్తే ఎంత మంచి కథ అయ్యేదో! శత్రువుని ఓడించాలి, కానీ గంటలోపు తిండి దొరకాలి.

గాలిలో తేలిన విస్కీ

నా కొలబద్దకి నిలబడే మొదటి పేరు హెర్జే. బెల్జియం దేశస్థుడు, అసలు పేరు జార్జ్ రెమీ. టిన్‌టిన్ సృష్టికర్త. టిన్‌టిన్ చంద్రుడి మీదకి వెళ్లే కథ 1950 నుంచి 1953 దాకా పత్రికలో సీరియల్‌గా వచ్చింది. తర్వాత రెండు పుస్తకాలయింది. అప్పటికి మనిషి ఒక్క ఉపగ్రహాన్ని కూడా పంపలేదు. స్పుత్నిక్ ఎగిరింది 1957లో.

హెర్జే పని చేసిన తీరు చూడండి. 1950లో అలెగ్జాండర్ అనానోఫ్ రాసిన అంతరిక్షయాన గ్రంథాన్ని ముందు పెట్టుకున్నాడు. రాకెట్టు లోపలి గదులతో సహా నమూనా చేయించాడు. ఏ బొమ్మలో ఏ మీట ఎక్కడుండాలో తప్పు రాకుండా ఆ నమూనా చూసి గీయించాడు. దాన్ని పారిస్ తీసుకెళ్లి అనానోఫ్‌కే చూపించాడు. పిల్లల పత్రిక కోసం ఇంత శ్రమ.

ఆయన ఆడిన ఒక్క అబద్ధం అణు ఇంజను. దారి పొడుగునా ఆగకుండా నడిచే ఇంజను. దాన్ని ఒప్పుకున్నాక ఇంకేం జరగాలి? రాకెట్టు భూమి మీది గురుత్వాకర్షణకి సరిగ్గా సమానంగా వేగం పెంచుకుంటూ పోతే లోపలివాళ్లు మామూలుగా నడుస్తారు, కుర్చీల్లో కూర్చుంటారు. హెర్జే పాత్రలు అలాగే ఉంటాయి. సగం దారిలో రాకెట్టు వెనక్కి తిరగాలి, ఇంజను ఇప్పుడు బ్రేకులా పనిచేయాలి. కథలో తిరుగుతుంది. పొరపాటున ఇంజను ఆగితే? ఆ క్షణమే అందరూ తేలిపోవాలి. తేలతారు. కెప్టెన్ హాడాక్ గ్లాసులోని విస్కీ బయటికి వచ్చి గుండ్రటి ఉండై గాలిలో తిరుగుతుంది, కెప్టెన్ దాని వెంట పడతాడు.

ఈ ఒక్క బొమ్మలో ఎంత సైన్స్ ఉందో! పై తరగతుల విద్యార్థులు కూడా అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదనే అనుకుంటారు. ఉంటుంది. నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతరిక్ష కేంద్రం దగ్గర భూమి ఆకర్షణ ఇక్కడున్నదానిలో దాదాపు తొంభై శాతం ఉంటుంది. గోడ, గ్లాసు, విస్కీ, తాగేవాడు అందరూ ఒకే తీరున పడిపోతున్నప్పుడు ఎవరూ ఎవరి మీదా ఆనరు. ఆనకపోవడాన్నే మనం బరువులేమి అంటున్నాం. కిందకి లాగి గ్లాసులో కూర్చోబెట్టేది లేనప్పుడు ద్రవం తన పైపొర బిగువుతో తానే ముడుచుకుని గోళమవుతుంది. ఇంజను ఆగినప్పుడే ఇది జరగాలని తెలుసుకుని, సరిగ్గా అక్కడే గీశాడు హెర్జే.

లెక్క కడితే అలాంటి ఇంజనుతో చంద్రుడిని మూడున్నర గంటల్లో చేరవచ్చు. సగం దారిలో వేగం సెకనుకి అరవై కిలోమీటర్లు దాటుతుంది. 1969లో అపోలో-11 చంద్రుడి కక్ష్యలోకి చేరడానికి మూడు రోజులు పట్టింది. అణు ఇంజను అబద్ధం ఎంత పెద్దదో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఒక చోట హెర్జే జారాడు. తాగిన మత్తులో బయటికి దూకిన హాడాక్, దారిలో ఎదురైన ఆడోనిస్ అనే గ్రహశకలం చుట్టూ తిరగడం మొదలుపెడతాడు. ఆడోనిస్ నిజంగా ఉంది, 1936లో బెల్జియంలోనే కనిపెట్టారు. అయితే అది కిలోమీటరుకి అటూ ఇటూగా ఉండే రాయి. దాని పట్టు నుంచి బయటపడడానికి మనం నడిచే వేగం కూడా అక్కర్లేదు. సెకనుకి కిలోమీటర్ల వేగంతో పోయే కెప్టెన్‌ని అది పట్టి ఉంచలేదు. మిగతా కథంతా ఇంత జాగ్రత్తగా ఉండబట్టే ఈ తప్పు కంటికి ఆనుతుంది.

టిన్‌టిన్ చంద్రుడి మీద ఒక గుహలో మంచు చూస్తాడు. అప్పట్లో చంద్రుడంటే బొత్తిగా ఎండిపోయిన చోటనే అందరి నమ్మకం. 2008 అక్టోబరులో బయలుదేరిన మన చంద్రయాన్-1 మోసుకెళ్లిన పరికరం చంద్రుడి మట్టిలో నీటి జాడ పట్టింది, ఆ సంగతి 2009లో ప్రకటించారు. ధ్రువాల దగ్గర ఎన్నడూ ఎండ పడని గుంటల్లో మంచు ఉందని అదే పరికరం ఇచ్చిన సమాచారం నుంచి 2018లో తేల్చారు. హెర్జే మంచు పెట్టింది చంద్రబింబం నడిబొడ్డున. చోటు తప్పినా, ఎండ తగలని గుహలో పెట్టాలన్న ఆలోచన తప్పు కాదు.

సర్కస్ కుర్రాడి తాడు

సూపర్ కమాండో ధ్రువ్ 1987లో రాజ్ కామిక్స్‌లో వచ్చాడు. కథ, బొమ్మలు రెండూ అనుపమ్ సిన్హావే. ముందు ఏడాది వచ్చిన నాగరాజ్ ఒంట్లో పాములు, విషం ఉంటాయి. ధ్రువ్‌కి ఏమీ లేవు. జూపిటర్ సర్కస్‌లో పెరిగిన కుర్రాడు. సర్కస్ అగ్నికి ఆహుతై తల్లిదండ్రులు పోతే అనాథ అయ్యాడు. బుద్ధి, కసరత్తు, బెల్టులో కొన్ని పనిముట్లు, అంతే. పక్క క్వార్టర్ పిల్లవాడు సాబూ పక్కన ధ్రువ్‌ని పెట్టి అడగడంలో తెలివి ఉంది. ఒకరిది పరాయి గ్రహం బలం, ఇంకొకరిది సాధన.

సర్కస్‌ని ఎంచుకోవడంలో సిన్హా ఎంత సరిగ్గా ఉన్నారో ధ్రువ్ తాడు పట్టుకుని ఊగినప్పుడు తెలుస్తుంది. తాడుని నేలకి సమాంతరంగా ఉన్న స్థితి నుంచి వదిలితే, ఊగుతూ అడుగుకి వచ్చేసరికి దాని మీద మనిషి బరువుకి మూడు రెట్ల లాగుడు పడుతుంది. తాడు పొడవు ఎంతైనా, మనిషి బరువు ఎంతైనా మూడు రెట్లే. ప్లాంటులో ఖలాసీలని అడగండి, నిలకడగా వేలాడే బరువు వేరు, ఊగే బరువు వేరు అని వెంటనే చెప్తారు. అరవై కిలోల కుర్రాడి చేతులు ఆ క్షణంలో నూట ఎనభై కిలోలు పట్టుకోవాలి. మామూలు కుర్రాడి పట్టు జారిపోతుంది. చిన్నప్పటి నుంచి ట్రపీజ్ మీద ఊగినవాడు పట్టుకోగలడు. నాయకుడి గతంలోనే అతని శక్తికి కారణం ఉంది. ఇది మంచి వైజ్ఞానిక రచన.

ఊగడం కన్నా ఆగడం కష్టం. 1973 జూన్ తేదీతో వచ్చిన స్పైడర్‌మ్యాన్ 121వ సంచికలో గెర్రీ కాన్వే ఈ నిజాన్ని నిర్దాక్షిణ్యంగా రాశాడు. వంతెన మీంచి పడుతున్న తన ప్రియురాలు గ్వెన్‌ని స్పైడర్‌మ్యాన్ సాలెతాడుతో పట్టుకుంటాడు. పట్టుకున్నాడు, కానీ ఆమె బతకలేదు. తొంభై మీటర్లు పడేసరికి వేగం గంటకి 150 కిలోమీటర్లు. దాన్ని అర సెకనులో ఆపితే ఒంటి మీద తొమ్మిది పది రెట్ల బరువు పడుతుంది, మెడ తట్టుకోదు. మూడు సెకన్లు తీసుకుని ఆపితే రెండున్నర రెట్లే. సర్కస్‌లో కింద కట్టే వల చేసేది ఆ సమయాన్ని ఇవ్వడమే. ఎంతోమంది రచయితలు పడేవాళ్లని చివరి క్షణంలో లాక్కుని కాపాడేశారు. ఒక్క కాన్వే పర్యవసానం రాశాడు.

ఇంకో ఇద్దరిని వదిలేస్తే అన్యాయమవుతుంది. జపాన్‌లో ఒసాము తెజుకా వైద్యం చదివి కామిక్స్‌లోకి వచ్చాడు. హిరోషిమా మీద బాంబు పడిన ఏడేళ్లకి, 1952లో, అణుశక్తితో నడిచే యంత్రబాలుడి కథలు మొదలుపెట్టి, ఆలోచించే యంత్రానికి హక్కులుంటాయా అని అడిగాడు. ఆ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్లలోకి వచ్చింది. అమెరికాలో ఆల్ ఫెల్డ్‌స్టీన్ రాసి జో ఒర్లాండో గీసిన 1953 నాటి కథలో నారింజరంగు, నీలంరంగు మరమనుషులుంటారు. లోపలి భాగాలన్నీ ఒకటే, పైతొడుగు రంగే వేరు. అయినా నీలంరంగువాళ్లకి వేరే పేటలు, తక్కువ పనులు. తనిఖీకి వచ్చిన భూమి ప్రతినిధి ఈ గ్రహం ఇంకా ఎదగలేదని తేల్చి వెళ్లిపోతాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతను నల్లజాతి మనిషి. ఆ కథ మళ్లీ అచ్చు వేయబోతే ఆ నల్లజాతి పాత్ర మీదే సెన్సారువాళ్లు అభ్యంతరం చెప్పారు, ప్రచురణకర్త లొంగలేదు. ప్రయోగశాలలో ఒక్కటి తప్ప అన్నీ సమానంగా ఉంచి ఫలితం చూసినట్టు, ఫెల్డ్‌స్టీన్ సమాజాన్ని చూశాడు. ఇది కూడా సైన్సే అని నా అభిప్రాయం.

ఎవరి పద్దు ఎంత?

పిల్లవాడి ప్రశ్నకి జవాబు చెప్పాలి. సాబూని రాసినాయన కన్నా ధ్రువ్‌ని రాసినాయన సైన్స్ పద్ధతికి దగ్గరగా ఉన్నారు. అందరిలో ముందు నిలిచేది హెర్జే. పర్యవసానాలని దాచని కాన్వే ఆ వెనకే. సీగెల్ తప్పు కారణం చెప్పాడు, కానీ కారణం చెప్పాలన్న అలవాటుని ఈ కథల్లోకి తెచ్చాడు. తర్వాతివాళ్లంతా ఆ దారినే నడిచారు. ప్రాణ్‌ని నేను ఈ వరసలో పోటీకి నిలబెట్టను. సైన్స్ పుస్తకం గుమ్మం తొక్కని ఇళ్లలోకి గురుగ్రహం అన్న పేరుని ఆయన తీసుకెళ్లారు. సాబూ లేకపోతే ఈ అధ్యాయంలో మోకాళ్ల లెక్క ఉండేది కాదు.

నన్ను బాధపెట్టే విషయం ఒకటుంది. ఈ వరసలో తెలుగు పేరు లేదు. మనకి చందమామ చిత్రకారులుండేవారు, డుంబు బొమ్మల కథలు గీసిన బుజ్జాయి ఉండేవారు. చేతికి కొదవ లేదు. చెయ్యి తిరిగిన చిత్రకారుడూ సైన్స్ చదివిన రచయితా ఒక బల్ల దగ్గర కూర్చోలేదు, కూర్చోబెట్టిన పత్రికా లేదు. భిలాయి, విశాఖ ప్లాంటులలో పనిచేసినవాళ్ల ఇళ్లలో కరిగిన ఇనుము సంగతులు, క్రేన్ల సంగతులు కావలసినన్ని ఉన్నాయి. ఇదంతా కథే.

ఇది చదువుతున్న పిల్లలకి ఒక మాట. మీ దగ్గరున్న ఏ కామిక్స్ అయినా తీసుకుని అందులో రచయిత ఆడిన మొదటి అబద్ధం ఏదో గుర్తించండి. దాన్ని ఒప్పుకుని, ఆ తర్వాత ఏం జరగాలో కాగితం మీద లెక్క కట్టండి. కథ మీ లెక్కతో విడిపోయిన చోట ఆగి, అక్కడి నుంచి మీరు తెలుగులో రాయండి. బొమ్మలు వేయడం రాకపోతే వచ్చిన స్నేహితుడిని పక్కన కూర్చోబెట్టుకోండి.